కత్తిపీట సింకు కింద ఉన్నన్నాళ్ళూ

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా అమ్మ మీద, ఆవిడ చేతి చేపల పులుసు మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఈ రెండింటి మీదా వేసిన ఒట్టు నేనెప్పుడూ తప్పలేదని మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, ఒక్క మా ఆవిడ తప్ప.

మొన్న జెద్దాలో మా వీధి చివరి సామాన్ల కొట్లో వజ్రాల సానరాయి ఒకటి కొన్నాను. వజ్రాలనగానే కంగారు పడకండి. అరచేతి వెడల్పు ఇనప పలక మీద కంటికానని వజ్రపు నూక అతికిస్తారట, దాని ఖరీదు ప్లేటు కబ్సా కంటే తక్కువ. వజ్రం అన్నం కంటే చవకెలా అయిందో చూద్దామన్న కుతూహలం కొద్దీ, ఇంటికి రాగానే చొక్కా అయినా మార్చకుండా వంటింటి కత్తులన్నీ గట్టు మీద పరిచాను. పలక మీద నీళ్ళు చల్లి, ఉల్లిపాయల కత్తిని ఏటవాలుగా ఆనించి లాగితే మొదట గరగరమంది, తరవాత సరసరమంది, కాసేపటికి పలక మీద బూడిదరంగు నీళ్ళు చేరాయి. కాగితం మీద పెట్టి చూస్తే కాగితం రెండైంది. టమాటా మీద పెడితే, తాను తెగిన సంగతి టమాటాకి కాసేపటి దాకా తెలియలేదు.

మా ఆవిడ సుజాత గుమ్మంలో నిలబడి చూస్తూ, "వేళ్ళు ఇప్పుడే లెక్కెట్టుకోండి. పులుసులో పడ్డాక లెక్కెట్టుకుంటే ఏం లాభం?" అంది.

అప్పుడొచ్చింది ఆ వాసన. తడిసిన ఇనుము, అరిగిన రాయి, ఎక్కడో అడుగున కాస్త చేప. అది ఇదే సౌదీలో, తూర్పు తీరాన, నేను పెరిగిన ఖతీఫ్‌లో మా క్వార్టర్సు వంటింటి వాసన.

మా అమ్మది బాపట్ల దగ్గర పల్లె. ఖతీఫ్‌లో ఆసుపత్రి నర్సు. నాన్న ఆయిల్ పనులు చేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. చలికాలం పొద్దున్నే సముద్రం మీంచి ఉప్పుగాలి, వెనక తోటల్లోంచి తడి ఖర్జూరపు మట్టల వాసన, నైట్ డ్యూటీ దిగి వచ్చిన అమ్మ చేతుల మీది డెట్టాల్ వాసన, ఈ మూడూ కలిసి నన్ను నిద్ర లేపేవి. ఆ మట్టలనే బ్యాట్లుగా చెక్కుకుని, పెప్సీ డబ్బాలని వికెట్లుగా నిలబెట్టి క్వార్టర్ల వెనక క్రికెట్ ఆడేవాళ్ళం. డిసెంబరు వస్తే తలుపులేసుకుని, గొంతు తగ్గించి చేసుకునే క్రిస్మస్‌కి అమ్మ గవ్వలు, కజ్జికాయలు వండి, పాకం పీచులు పీచులుగా నా వేళ్ళకి అంటుకుంటుంటే చూసి నవ్వేది.

అమ్మ ఈ దేశం వచ్చేటప్పుడు నర్సింగు సర్టిఫికెట్లని ఎంత భద్రంగా తెచ్చుకుందో, పాత చీరల్లో చుట్టి కత్తిపీటనీ అంత భద్రంగానూ తెచ్చుకుంది. నిలబడి చేప కోయడమంటే ఆవిడకి నిలబడి అన్నం తిన్నట్టు. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ఆ చీరలు విప్పి, చెక్కలోంచి కొడవలిలా పైకి లేచిన ఇనప బద్దని చూసి వెనక్కి తగ్గాడు. "ఏష్ హాదా?" అన్నాడు, ఇదేమిటని. అమ్మకి అప్పటికి అరబ్బీ రాదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని అక్కడే గచ్చు మీద కూర్చుని, పీట మీద కాలు వేసి, ఆయన భోజనం డబ్బాలో కనబడుతున్న కీరా దోసకాయ కోసం చెయ్యి చాపింది. క్షణంలో చక్రాలు చక్రాలుగా తరిగి డబ్బా మూత మీద పేర్చి ఇచ్చింది. వెనక వరసలో నిలబడ్డ వాళ్ళంతా మెడలు సాచారు. ఆయన ఓ చక్రం నోట్లో వేసుకుని, నమిలి, "ఖలాస్. యల్లా," అయిపోయింది, ఇక పదండని, పెట్టె మూసేశాడు. నాన్న చంకనెక్కి నేనిదంతా చూస్తూనే ఉన్నాను.

"ఈ ఇంట్లోంచి మనం కదిలే రోజున ముందు కదిలేది ఇదే," అనేది అమ్మ, కోయడం అయ్యాక దాన్ని కడిగి, తుడిచి, సింకు కింద పెడుతూ.

కువైట్ మీద ఇరాక్ పడ్డాక ఆ మాటే నాకు బైబిలు వాక్యమైంది. కిటికీలకి అడ్డంగా టేపులు వెలిశాయి. బడి మూసేశారు. నాతో క్రికెట్ ఆడే పిల్లలు ఒక్కొక్కరే ఊళ్ళకి వెళ్ళిపోయి, చివరికి బౌలింగూ నాదే బ్యాటింగూ నాదే అయ్యింది. ఆసుపత్రి అమ్మని వదలదు. అమ్మని వదిలి నాన్న కదలడు. మిగిలింది నేను. నన్నొక్కణ్ణీ బాపట్లలో పెద్దమ్మ దగ్గరికి పంపేస్తారేమోనన్న భయం నాకు పట్టుకుంది. పెద్దవాళ్ళని అడిగితే ఔనంటారేమోనని అడక్కుండా, కత్తిపీటని నమ్ముకున్నాను. కత్తిపీట లేకుండా అమ్మ కదలదు, అమ్మ లేకుండా నేను కదలను, కాబట్టి అది సింకు కింద ఉన్నన్నాళ్ళూ నేనూ ఇక్కడే. బయటికి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంగి చూసుకునేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం వంగి చూస్తే అది లేదు. చెక్క ఆనిన చోట తడి మరక మాత్రం ఉంది. గదిలోకి పరిగెత్తాను. మంచం మీద నా చొక్కాలు పెట్టుకునే చిన్న పెట్టె ఉంది. అది అక్కడెందుకుందో ఆలోచించే తీరిక నాకు లేదు. పెరటి వైపు నుంచి ఏదో చప్పుడు వినిపించి అటు ఉరికాను.

పక్క క్వార్టర్లో ఉండే కరీంనగర్ సత్తయ్య మామ, ఏసీలు బాగుచేసేవాడు, గొంతుక్కూర్చుని కత్తిపీట బద్ద మీద సానరాయి రుద్దుతున్నాడు. నాన్న మగ్గుతో నీళ్ళు పోస్తున్నాడు. అమ్మ మెట్టు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"గట్ల కొయ్యలెక్క నిలవడ్డవేందిరా బిడ్డా? మీ నాయిన నీళ్ళు వొయ్యమంటె తానం జేపిస్తుండు నాకు. నువ్వన్న సక్కగ వొయ్యి," అన్నాడు సత్తయ్య మామ.

నేను మగ్గు అందుకోలేదు. "మనం ఊరెళ్ళిపోతున్నామా?" అన్నాను అమ్మతో.

"ఊరెళ్ళేవాళ్ళు కత్తిపీటకి సాన పట్టించుకుంటార్రా, పిచ్చి నాయనా?" అంది అమ్మ, వెల్లుల్లి మీంచి కళ్ళెత్తకుండా.

అలా మేం ముగ్గురం ఆ యుద్ధమంతా అక్కడే ఉన్నాం. కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్న రోజుల్లో ఒకనాడు ఉత్తరపు గాలి మళ్ళి, మిట్టమధ్యాహ్నం చీకటి పడింది. ఆరేసిన బట్టల మీద మసి చుక్కలు. తోటల దగ్గర తెల్ల గొర్రెలు నల్లబడితే, తన మంద ఎవరో మార్చేశారని కాపరి పక్కవాడితో కలబడ్డాడు. అమ్మ మాత్రం దీపం వేసుకుని, బజారు నుంచి నాన్న తెచ్చిన హమూర్ చేపని ముందేసుకుని కత్తిపీట మీద కూర్చుంది. పక్కన కూర్చుని నేను ఉల్లిపాయలు అందిస్తున్నాను. సత్తయ్య మామ పట్టిన సాన ఎలాంటిదంటే, ఆ చేప ఇంకా ఈదుతున్నాననుకుంటూనే ముక్కలైంది.

ఇప్పుడా క్వార్టర్లు లేవు, అక్కడ కార్లు ఆపుకుంటున్నారు. చేపని బజార్లోనే ముక్కలు కొట్టించి సంచిలో వేసి ఇస్తారు, ఇళ్ళల్లో పొలుసు రాలదు. సత్తయ్య మామ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించుకుని ఊరెళ్ళిపోయి చాలా కాలమైంది. అమ్మ పోయింది. కత్తిపీట మా సింకు కింద ఉంది. వంటింటి కత్తులయ్యాక దాన్నీ బయటికి తీశాను. వంపు బద్ద కదా, దాన్ని రాయి మీద నూరడం కుదరదు. రాయినే దాని వంపు వెంట నడిపించాలి. నడిపిస్తే, ఈ చవక వజ్రం కూడా ఆనాటి చప్పుడే చేసింది.

ఇక ఒట్టు సంగతి. కీరా దోసకాయ నిజం. గొర్రెలకి సత్తయ్య మామ పూచీ. అబద్ధం ఒక్కటే. చీకటి పడ్డ ఆ మధ్యాహ్నం నేనక్కడ లేను. సాన పట్టించిన మర్నాడే, మంచం మీది ఆ చిన్న పెట్టెతో, ఊరెళ్తున్న ఓ నర్సు ఆంటీ వెంట నన్ను బాపట్ల పంపేశారు. అమ్మ అబద్ధమాడలేదు. ఆ సాన ఉండిపోయే వాళ్ళిద్దరి కోసం.

అన్నీ సద్దుమణిగాక మళ్ళీ ఖతీఫ్ తీసుకొచ్చారు. చేప కోస్తున్నప్పుడల్లా అమ్మ చేత ఆ చీకటి కథ చెప్పించుకునేవాణ్ణి. కథ మధ్యలో, తెలిసి తెలిసీ, "మరప్పుడు నేనెక్కడున్నానే?" అని అడిగేవాణ్ణి.

"ఎక్కడుంటావు, ఇక్కడే. నా పక్కన కూచుని ఉల్లిపాయలు అందిస్తున్నావు," అనేది అమ్మ, చేప మీంచి కళ్ళెత్తకుండా.