వరుసలో నిలబడి ఆడే ఆట

మా ఆయన పోయాక మూడేళ్లు బతుకమ్మ పండుగకు నేను గడప దాటలేదు. ఎవరూ కసిరి వెళ్లగొట్టలేదు. మొదటి ఏడాది మా అత్త, “నువ్వు జర పక్కకుండు బిడ్డా” అని మెల్లగా అంది, అంతే. ఆ మెల్లదనానికే నాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచి ఆటంటే పడిచచ్చే మనిషిని. కోస్గిలో మా చేనేత వాడంతా చప్పట్లతో మోగుతుంటే, తలుపేసుకుని మగ్గం మీద కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నూలు కండెలు చుట్టడం అయ్యాక ఫోన్ చూస్తుంటే, ఏదో దేశపు ఆడవాళ్లు వరుసలు కట్టి ఆడుతూ కనబడ్డారు. లైన్ డాన్స్ అట. జంట అక్కర్లేదు, నడుమ పూలు లేవు, గుండ్రంగా తిరగడం లేదు. ఇందులో నిలబడితే నన్ను పక్కకుండమనే మాట ఎవరి దగ్గరా ఉండదని మొండిగా అనుకున్నాను.

మొదట దొరికిన వీడియోలన్నీ ఉత్త హడావిడి. నవ్వులు, రంగు దీపాలు, కాళ్లు మాత్రం కనబడవు. ఒకామె ఎదురుగా నిలబడి నేర్పుతుంది. ఆమె కుడి నాకు ఎడమై తలుపుకు గుద్దుకున్నాను. వారం వెతికాక ఒక ముసలామె దొరికింది. మనకు వీపు పెట్టి, పాట లేకుండా, ఒక్కో అడుగూ లెక్కపెట్టి చెప్పేది. మాటలు అర్థం కాకున్నా అంకెలు అర్థమయ్యాయి. వీడియో వేగం తగ్గించుకోవచ్చని కూడా అప్పుడే తెలిసింది.

ఇంకో చిక్కు మిగిలింది. ముప్పై రెండు అడుగులయ్యాక పక్క గోడకు తిరిగి, మళ్లీ మొదటి నుంచి అవే అడుగులు వేయాలి. తిరగగానే ఫోన్ కంటికి అందేది కాదు. తల తిప్పి చూసి చూసి మెడ పట్టేసింది.

అప్పుడే మా పొదుపు సంఘాన్ని మహిళా దినానికి ఏదైనా ఆడమని అడిగారు. నేను ఈ ఆట చూపించాను. “గిదేం ఆటనే, కాళ్లు సూస్కునుడే సరిపోతాంది” అని నవ్వుతూనే పదిమంది కుదిరారు. మా లోగిలిలో నాలుగు ఫోన్లు నాలుగు గోడలకు ఆనించి ఒకేసారి నొక్కేవాళ్లం. ఒక్కరోజైనా అవి కలిసి మొదలు కాలేదు. అత్త రోజూ అరుగు మీద కూర్చుని చూసేది. ఏమీ అనేది కాదు. అదే నాకు భయం.

మహిళా దినానికి ముందు, నేర్చుకునే ఆఖరి రోజు పాట పెట్టి ఆడాం. రెండోసారి గోడ మారినప్పుడు ఎవరో అలవాటుగా వంగి చప్పట్లు కొట్టారు. పక్కామె కూడా కొట్టింది. పుట్టినప్పటి నుంచి గుండ్రంగా తిరిగిన కాళ్లాయె, చూస్తుండగానే వరుసలు వంపు తిరిగి అందరం బతుకమ్మ ఆటలో పడ్డాం. నేనూ అందులో ఉన్నాను. అది తెలియగానే, ఎవరూ ఏమీ అనకముందే నేనే బయటికి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అరుగు మీది నుంచి అత్త లేచింది. కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి నా ముంజేయి పట్టుకుంది.

“ఏడికి పోతున్నవ్? నువ్వు లేకుంటే వీళ్లకు అడుగులెవరు జెప్తరు?”

నేను చెయ్యి విడిపించుకోబోయాను.

“గప్పుడు పక్కకుండమన్నది నేనే. గిప్పుడు రమ్మంటున్నది నేనే. నడువ్.”

చెయ్యి వదలకుండానే నన్ను నడుమకు లాక్కుపోయి, తనూ నా పక్కన నిలబడింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, అందరికీ వినబడేలా అడుగులు లెక్కపెట్టాను.