నల్లదారం కట్టిన కందిమొక్కలు

కోసిగి దగ్గరి ఆ కందిచేను ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. కలలో ఒక్క మొక్క కూడా ఎండి ఉండదు. నాకు భయం వేసేది అందుకే.

అప్పట్లో నేను కందికి వచ్చే ఎండుతెగులు మీద పరిశోధన చేసేదాన్ని. జన్యువు పంపిన సందేశాన్ని మొక్క ఉన్నదున్నట్టు వాడుకోదు. ముక్కలుగా కత్తిరించి, కొన్ని పారేసి, మిగిలినవి అతుక్కుంటుంది. తెగులు సోకితే ఆ అతికే తీరు మారిపోతుంది. ఆకు ఇంకా పచ్చగా ఉండగానే ఆ మార్పు కనబడుతుందా అన్నది నా ప్రశ్న. ఎమ్మిగనూరులో మగ్గం మీద తెగిన పోగులు అతుకుతూ బతికిన మా నాన్నకు ఇది చెబితే, "దీనికి ఇన్నేండ్ల సదువా?" అని నవ్వాడు. మొక్కలకు గుర్తుగా కట్టుకోమని నల్ల నూలు కండె ఒకటి ఇచ్చాడు.

చేను ఒక అక్కది. మొగుడూ పెళ్లాలూ, పదో తరగతి చదివే కూతురూ. పది పచ్చటి మొక్కలకు దారం కట్టి, కండె ఆమె దగ్గరే పెట్టి వచ్చాను. వారం తర్వాత పోతే ఇంకో ఇరవై మొక్కలకు దారాలున్నాయి! నాకు ఒళ్లు మండింది.

"ఎవరు కట్టినారక్కా ఇవి?"

"నేనే మేడం. నువ్వు దిష్టికి కట్టినావనుకుంటి. నువ్వు కట్టినవి బాగానే ఉండాయి గదా, వాటికేం దిష్టి? ఇవి సూడు, జరమొచ్చిన పిల్లోల్ల మాదిరి సేతికి వెచ్చగా తగల్తాండాయి."

పట్టి చూశాను. నాకేమీ తగల్లేదు. నిండా పూతతో ఉన్నాయి.

"సెప్పు మేడం, ఇది కొట్టేసి జొన్న ఏసుకుందునా? నేలలో పదను ఉన్నప్పుడే ఏసుకోవల్ల. కంది పోతే సుగ్గికి పోవాల్సిందే. పిల్లని యాడ ఇడిసి పోయేది? దాని సదువు ఆడికి సరి."

సుగ్గి అంటే మా వైపు ఊళ్లకు ఊళ్లు తాళాలేసుకుని గుంటూరు వైపు పత్తి, మిరప చేలకు కూలికి పోవడం.

"ఇంత పచ్చటి చేను ఎవరైనా కొట్టేస్తారా? పిచ్చి పని చేయొద్దు" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, నా నోటికి అడ్డేముంది! ఆమెది తప్పని తేల్చాలనే ఆమె కట్టిన మొక్కల ఆకులు కూడా కోసుకుపోయాను.

ఫలితం వచ్చింది. నేను కట్టిన పదీ మామూలుగా ఉన్నాయి. ఆమె కట్టిన ఇరవైకి ఇరవైలోనూ సందేశం తెగులు తీరున అతుక్కుని ఉంది. నమ్మలేక మళ్లీ చేశాను. మళ్లీ అదే. మూడోసారి కూడా చూడందే ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, మా పనిలో అదే పద్ధతి. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు.

మూడోసారీ అదే వచ్చాక, ఆదోనిలో బస్సు మారి ఆ చేనికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. చేను పచ్చగానే ఉంది. సాలు తర్వాత సాలు, ప్రతి మొక్కకూ నల్లదారం. కండె అయిపోయిన చోటి నుంచి చీర పేలికలు. నేను కట్టిన పదికి కూడా నా ముడి పక్కనే ఇంకో ముడి.

పక్క చేలోని ముసలాయన నన్ను చూసి గట్టు మీదికి వచ్చాడు.

"సేనంతా సేతికి వెచ్చగైందని వాళ్లు మొన్ననే సుగ్గికి పోయిరమ్మా. పాప గూడ పాయ."

"జొన్న వేయలేదా తాతా?"

"పదను ఉన్నన్ని దినాలు మొగుడు ఏద్దామని తలకాయ కొట్టుకున్యాడు. ఆయమ్మే వద్దనె. 'నా సెయ్యేమో కంది పోతాదంటాంది, మేడం బాగుందంటాంది. సదివినామెకు తెల్దా?' అనె."

ఆయన వెళ్లిపోయాక దగ్గరున్న మొక్క ఆకు పట్టుకున్నాను. ఈసారి నాకూ వెచ్చగానే తగిలింది.