రైట్ రైట్ మామ్మ పొగడబ్బా

"ఈ పొగ పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతే?"

కిటికీ అద్దానికి ముక్కు ఆనించి అడిగాడతను. బయట తెల్లటి పొగ మేడ మీంచి మెల్లగా దిగుతోంది, పనీపాటా లేని చుట్టంలా, ఎవరింట్లో దూరదామా అని చూసుకుంటూ.

"అద్దాన్ని అడిగితే ఏం చెబుతుంది? పైకెళ్ళి ఆవిడనే అడుగు," అంది భార్య, ఆసుపత్రి డ్యూటీకి జడ బిగించుకుంటూ.

పిల్ల ఇంకా పాకడం మొదలుపెట్టలేదు. అతను ఫిజిక్స్ చదివి, నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాడు. కంటికి కనిపించని మలినాలను వెతకడమే వృత్తి కావడంతో, కంటికి కనిపించేదంటే మరీ భయం. కిటికీలన్నీ అప్పటికే బిగించేశాడు. తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాడు. పిల్ల పడుకుంటే చాలు, మాటిమాటికీ వెళ్ళి దుప్పటి ఎత్తి పొట్ట ఆడుతోందో లేదో చూస్తాడు. ఎత్తినప్పుడల్లా పిల్ల లేస్తుంది. లేచి ఏడిస్తే, ఊపిరి ఆడుతున్నట్టేగా అని అతనికో తృప్తి. భార్యకి మాత్రం ఒళ్ళు మంట.

మెట్ల దగ్గర ఆ భవనం సెక్రటరీ కాపు కాసినట్టు నిలబడి ఉన్నాడు.

"మేడ మీది ఆ డబ్బా తీయించేస్తాను బాబూ. ఎవరో ఒకరు ఇబ్బందిగా ఉందని అనాలంతే. చంటిపిల్ల తండ్రివి, నువ్వొక్క మాట అను. ఆదివారం పాతసామాన్లవాడికి పడేస్తా."

"ముందు ఆవిడతో మాట్లాడి చూస్తానండీ."

"మాట్లాడతావా? మాట్లాడు. నా చేతులు ఇప్పటికే కాలాయి, నీవీ కాల్చుకో."

మేడ మీద ఒకటే గది. దాని ముందు ఆవిడ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక నల్లటి నిలువు రేకుడబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుని దానికేసి పళ్ళు కొరుకుతోంది. కింద బొగ్గులు, పైన జాలీ మీద మాంసం, మధ్యలో పొగ. ఆ పొగతోనే నిదానంగా ఉడకాలి. అందుకే దాన్ని ఆవిడ పొగడబ్బా అంటుంది.

"తీసెయ్యమని చెప్పడానికొచ్చావా?" తల తిప్పకుండానే అడిగింది.

"అవునండీ."

"అయితే కూర్చుని చెప్పు. నిలబడి అరిచేవాళ్ళని ఉద్యోగమంతా విన్నాను. ఇప్పుడిక కూర్చున్నవాళ్ళ మాటే వింటాను."

ఆవిడ అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ తెలియదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఏ మాట ముగించాలన్నా "రైట్ రైట్" అంటుంది. అదన్నాక అవతలివాడు కదలాల్సిందే. అందుకని పిల్లలందరికీ రైట్ రైట్ మామ్మ.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే డిపో మేనేజరు, "ఆడమనిషివి, బస్సులెక్కి ఏం దిగుతావమ్మా, కౌంటర్లో కూర్చుని టికెట్లివ్వు" అన్నాడట. "కూర్చోవాలంటే మా ఇంట్లోనే పీటుంది సార్" అందట ఈవిడ. ఆయనకి మండింది. ఎవరూ వెళ్ళనని మొండికేసే రూటు ఒకటుంటే దాని మీద వేశాడు. తలుపు మూసుకోని బస్సు, అడుగున కన్నాల్లోంచి రోడ్డు కనిపించే బస్సు. వారం తిరక్కుండా కాళ్ళబేరానికి వస్తుందనుకున్నాడు. మేనేజరు మారాడు, డ్రైవర్లు మారారు, బస్సూ మారింది. రూటు మార్చుకోమని పై అధికారులే అడిగినా ఈవిడ మాత్రం మారలేదు. "నన్ను తరిమేద్దామని ఇచ్చిన రూటు. అది వదిలేస్తే ఆయన గెలిచినట్టు కాదూ?"

ఆ రూటు చివరి స్టాపు ఐసు ఫ్యాక్టరీ వెనక. అక్కడ ఒకావిడ పాత నూనె పీపాలో మాంసం పొగ పెట్టి అమ్మేది. బస్సు తిరిగి బయల్దేరేలోపు మన కండక్టరమ్మ రోజూ అక్కడ ఓ ముక్క తినేది. కొన్నాళ్ళకి ఆ పీపా ఆవిడ ఎటో వెళ్ళిపోయింది. రుచి మాత్రం నాలుక దిగలేదు.

రిటైరయ్యాక చెల్లెలు తనింట్లో ఓ గది చూపించి, మనవల్ని చూసుకుంటూ ఉండిపొమ్మంది. "ఇన్నాళ్ళూ ఊరందర్నీ ఎక్కించి దించాను. ఇప్పుడు మీ మనవల్ని బడి దగ్గర దించుతూ కూర్చోనా?" అని మేడ మీది గది అద్దెకి తీసుకుంది. మూసేస్తున్న ఓ కొట్లో ఈ చవక డబ్బా కొనుక్కుంది. మరిది వచ్చి వేలితో నొక్కి చూసి, "రేకు లోపలికి పోతోంది వదినా, తిరిగిచ్చెయ్" అన్నాడు. "నా బస్సు కంటే నయమే, దీనికి కన్నాలైనా కావాలని పెట్టినవే" అంది.

కానీ డబ్బా ఆవిడ మాట వినలేదు. ఆ సంగతి సెక్రటరీకి తెలియదు, చెల్లెలికీ తెలియదు. కూర్చోమన్నందుకు ఓ ముక్క చేతిలో పెట్టించుకున్న ఈ కుర్రాడికి మాత్రం మొదటి కొరుకులోనే తెలిసిపోయింది. చేదు. మసి గరిటె నాకినట్టుంది.

"బాగుందా?" అంది, తనూ ఓ ముక్క నముల్తూ.

"లేదండీ."

"నాకూ బాలేదు. అయినా తింటున్నా. బాలేదని చెప్పడానికి వాళ్ళంతా కాచుక్కూర్చున్నారు."

అతను డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు. అడుగున గాలి వెళ్ళే కన్నాలు, వాటిని మూయడానికి జారే రేకు ఉన్నాయి. పైన మూతకి పొగ పోయే కన్ను ఒకటుంది. దాన్ని గట్టిగా మూసేసి, దాని మీద రాయి పెట్టి ఉంది.

"ఆ రాయెందుకు పిన్నిగారూ?"

"వేడి పోకుండా. నువ్వు గిన్నె మీద మూత పెట్టవా?"

"గిన్నెకి నిప్పు బయటుంటుంది. దీనికి లోపలే ఉంది. పైన దారి లేకపోతే కింద నుంచి గాలి లోపలికి రాదండీ. వేడిగాలికి డెన్సిటీ తక్కువ కాబట్టి..."

"ఆగాగు." ఆవిడ చెయ్యెత్తింది. "బస్సు నిండా జనం. దిగే తలుపు మూసేశాను. ఎక్కే తలుపు బార్లా తీసి, ఎక్కండెక్కండి అంటే ఎవడెక్కుతాడు?"

"ఎవడూ ఎక్కలేడు."

"అలా చెప్పరాదూ. డెన్సిటీ అంటావేం." రాయి తీసి గోడవతలికి విసరబోయి, కింద సెక్రటరీ మొక్కలున్నాయని గుర్తొచ్చి ఆగింది. "దిగేవాళ్ళని ముందు దిగనివ్వండి బాబూ అని గొంతు చించుకునేదాన్ని. నా డబ్బా దగ్గరికొచ్చేసరికి నేనే తలుపుకి అడ్డం నిలబడ్డా."

"ఆ బకెట్లో ఏంటండీ?"

"చెక్కముక్కలు. నానేస్తే ఎక్కువసేపు పొగొస్తుందని కొట్టువాడు చెప్పాడు."

"వచ్చేది పొగ కాదు, సగం ఆవిరి. తడి ఆరేదాకా మంట రాజుకోదు. చెక్క పొడిగా ఉండాలండీ."

"వాడు డబ్బా కూడా బ్రహ్మాండంగా ఉందన్నాడులే."

వచ్చిన పని మర్చిపోయానని కిందికి దిగాక గానీ అతనికి గుర్తురాలేదు. మెట్ల దగ్గర సెక్రటరీ కనుబొమ్మలెగరేశాడు.

"ఆదివారం చెబుతానండీ," అన్నాడు.

మర్నాడు ల్యాబు నుంచి రాగానే పైకెళ్ళాడు. ఈసారి తప్పు అతని వంతు. పై కన్ను పూర్తిగా తెరిచి, మూతకున్న వేడి చూపించే ముల్లు చూస్తూ అడుగు కన్నాలు సవరించమన్నాడు. ముల్లు కదల్లేదు. ఇంకాస్త తెరవమన్నాడు. అయినా కదల్లేదు. ఇంకాస్త. మూత తీసేసరికి కోడి కాస్తా బొగ్గులో కలిసిపోయింది. ఏది కోడో ఏది బొగ్గో పోల్చుకోవడం కష్టమైంది.

"సైన్సూ," అందావిడ ప్రశాంతంగా, "నాది చేదుగా అయినా మిగిలింది."

ఆ క్షణం నుంచి అతని పేరు సైన్సు.

ముల్లు మూతలో ఉంది, మాంసం జాలీ మీద ఉంది. ముల్లు చెప్పేది దాని చుట్టుపక్కల సంగతి, అదీ సరిగ్గా కాదు. పొడవాటి సూది ఉన్న థర్మామీటరు ఒకటి కొనుక్కొచ్చాడు. సూది జాలీకి తగిలితే లెక్క తప్పుతుందని, బంగాళాదుంపకి అడ్డంగా గుచ్చి, మొన అవతలికి వచ్చేలా మాంసం పక్కన పెట్టాడు.

"దుంపకి జ్వరమా?" అందావిడ.

అప్పుడు తెలిసింది అసలు జబ్బు. అడుగు రేకు పూర్తిగా మూసినా వేడి తగ్గడం లేదు. మూత అంచు చుట్టూ, బొగ్గుల తలుపు చుట్టూ సందులే. టికెట్ లేని గాలి అన్నివైపుల నుంచీ ఎక్కేస్తోంది.

"అంటే కిటికీల్లోంచి ఎక్కుతున్నారన్నమాట," అని ఆవిడ లేచింది. "ఇంట్లో పిండుందా?"

తడి పిండితో గిన్నె మూత అంచులు మూసేసే వంటింటి పద్ధతే. పిండి కోసం ఆవిడే అతని వెంట కిందికొచ్చింది. ఇంట్లో అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. మూసిన కిటికీలు. సందుల్లో తడి తువ్వాళ్ళు. లోపలి గదిలో పిల్ల చెమటతో ముద్దై, గీ పెట్టి ఏడుస్తోంది. ఎత్తుకుని తిప్పుతున్న భార్య కళ్ళల్లో నిద్రలేదు.

"ఏమయ్యా," అంది ఆవిడ, నెమ్మదిగానే. "నా డబ్బా మీద రాయి తీయించావు. మరి ఇక్కడ పెట్టావేంటి?"

"పొగ వస్తుందని..."

"పొగ ఇప్పుడు రావట్లేదుగా."

"దుమ్ము ఉంటుంది. దోమలుంటాయి. చలిగాలి..."

"చెప్పండమ్మా," అంది భార్య. "నేను చెబితే డ్యూటీ అలసట అంటాడు."

అతను అడ్డం నిలబడ్డాడు. ఆవిడ అతన్ని తొయ్యలేదు, తోసెయ్యగలిగినా. ఉద్యోగమంతా తలుపుల్లో నిలబడ్డవాళ్ళని పక్కకి జరిపిన గొంతుతో, "జరుగు నాయనా, జరుగు, లోపల ఖాళీ ఉంది" అంది. అతను తనకి తెలియకుండానే జరిగాడు. కిటికీ తెరుచుకుంది. ఎదురు తలుపూ తెరుచుకుంది. గదిలో కర్టెను ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బింది. పిల్ల కాసేపు ముక్కుతూ మూలిగి, తర్వాత తల్లి భుజం మీద తల వాల్చింది.

"దోమలకి తెర కట్టు," అంది ఆవిడ పిండి డబ్బా చంకలో పెట్టుకుంటూ. "మూసెయ్యడం మాత్రం మందు కాదు. రైట్ రైట్."

ఆదివారం పొద్దున సెక్రటరీ పాతసామాన్లవాడిని వెంటేసుకుని మేడెక్కాడు. సైన్సు అప్పటికే అక్కడున్నాడు, పిల్లని చంకనేసుకుని. భార్య వద్దనలేదు, అతనే రెండుసార్లు మెట్ల మీద ఆగి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎక్కాడు.

డబ్బా దూరంగా రెండో మూలకి జరిగింది. గాలి నేరుగా కొట్టకుండా పాత చెక్కపలక అడ్డంగా నిలబెట్టి ఉంది. తలుపు అంచుల చుట్టూ ఎండి గట్టిపడ్డ పిండి. పై కన్ను బార్లా తెరిచి ఉంది. బొగ్గులన్నీ ఒకేసారి వెలిగించకుండా చల్లటి కుప్ప పోసి, ఓ అంచున మాత్రం కాసిని నిప్పులు ఉంచారు. నిప్పు ఒకదాని తర్వాత ఒకదానికి అందుతూ పోతోంది. కన్ను పైన పొగ అని చెప్పడానికి లేదు. వెనకున్న గోడ కాస్త వణికినట్టు, పల్చటి నీలం.

"ఇవాళ వెలిగించలేదా?" అన్నాడు సెక్రటరీ, దిగాలుగా.

"లోపల రెండు కోళ్ళున్నాయి."

నమ్మకం కుదరక సెక్రటరీ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

"హోల్డాన్."

డిపో మొత్తం వినిపించే గొంతు. సెక్రటరీ చెయ్యి గాల్లోనే ఆగింది. పాతసామాన్లవాడు ఎందుకైనా మంచిదని తనూ ఆగాడు.

"నా బస్సులో నేను చెప్పేదాకా ఎవరూ తలుపు ముట్టుకోరు. మీకు మాంసం కావాలంటే ఆగండి. డబ్బా కావాలంటే మాత్రం నన్ను కూడా తూకమెయ్యాలి."

సెక్రటరీ ఆవిడని వదిలి అతనివైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బాబూ. చంటిపిల్ల తండ్రివి. నీ మాట మీదే ఉంది. ఇబ్బందా, కాదా?"

అతని భయం పోలేదు. చిన్నప్పటి నుంచీ ఉన్నది ఆదివారం చూసుకుని పోదు. పిల్ల అతని చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"నా భయానికి ఆవిడ డబ్బా ఎందుకండీ బలవ్వాలి?" అన్నాడు చివరికి. "ఇప్పుడు పొగ లేదు. వెలిగించేటప్పుడు కాసేపు ఉంటుంది, అప్పుడు నేను పిల్లని ఇటు తీసుకురాను. ఎప్పుడైనా మా కిటికీకి వస్తే నేనే పైకొచ్చి చెబుతాను. ఆవిడ వింటారు. మీరు నా పేరు చెప్పి ఎవరి సామానూ తీయించక్కర్లేదు."

"ఆవిడ వింటుందా?"

"కూర్చుని చెబితే వింటారు."

పాతసామాన్లవాడు ఇద్దర్నీ చూశాడు. "సార్, నేనెళ్ళనా? వాసన బాగుంది, ఆగనా?"

ఆగాడు. సెక్రటరీ కూడా ఆగాడు, తినడానికి కాదని రెండుసార్లు చెప్పి. మూత తీసే వేళకి కోడి తేనెరంగులో మెరిసింది. ఆవిడ మొదటి ముక్క తనే నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది. ఐసు ఫ్యాక్టరీ వెనక స్టాపు రుచి వచ్చిందో లేదో చెప్పలేదు. రెండో ముక్క మాత్రం తీసుకుంది. సెక్రటరీ చేతిలో ఓ రెక్క పెట్టి, "వచ్చేవారం మీ కంప్లయింటు దీని మీద ఇవ్వండి, ఉప్పు తక్కువైతే" అంది.

లోపల ఎలా ఉందో చూడ్డానికి మూత ఎత్తాలని సైన్సు చెయ్యి ఆ పొద్దంతా ఎన్నిసార్లు ముందుకెళ్ళిందో, అన్నిసార్లూ ఆవిడ దాని మీద చిన్నగా ఒక్కటేసింది. అప్పుడు ఆవిడ చెప్పిన మాటే అతనిప్పుడు డబ్బా దగ్గరా పాటిస్తాడు, పిల్ల మంచం దగ్గరా పాటిస్తాడు. పిల్ల మధ్యాహ్నం పడుకుంటే దుప్పటి జోలికి పోడు. గుమ్మంలోనే నిలబడి, కర్టెను ఆడుతోందా అని చూసి వెనక్కి వచ్చేస్తాడు.

"పై కన్ను ఎప్పుడూ మూయకు సైన్సూ. వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా కింద సవరించుకో, అదీ కొంచెం కొంచెంగా. మూత ఎత్తి ఎత్తి చూడకు, ఎత్తిన ప్రతిసారీ నువ్వే పాడుచేస్తావు. లోపల ఎలా ఉందో తెలియాలంటే, బయటికొచ్చే పొగని చూడు."