ఈశాన్యం మూల పిల్లర్

భూకంపానికి తట్టుకునే ఇల్లంటే కదలని ఇల్లనుకుంటారు. కాదు. నేల కొంచెం అదిరితే గోడకు గీత కూడా పడకూడదు. గట్టిగా అదిరితే గోడలు పగిలినా పిల్లర్లు నిలబడాలి. మరీ ఘోరంగా ఊగితే ఇల్లు ఎందుకూ పనికిరాకుండా పోయినా ఫర్వాలేదు, లోపలి మనుషులు మాత్రం బతికి బయటికి రావాలి. ఇళ్లకు డిజైన్లు గీసే ఇంజినీరుగా నా ఉద్యోగమంతా ఈ మూడు మాటలే.

యాప్రాల్‌లో అక్కా బావా ఇల్లు మొదలుపెట్టినప్పుడు డిజైన్ నేనే చేశాను. కింద బండ్లకు ఖాళీ జాగా, పైన మూడంతస్తులు. పునాది గుంతలు తీయకముందే సిద్ధాంతి వచ్చి, ఈశాన్యం మూల బరువుండకూడదు, కింద ఆ పిల్లర్ తీసేయమన్నాడు. పైన అదే మూలకు పూజగది రావాలన్నాడు. అంటే పై అంతస్తుల భారమంతా గాల్లోకి చాచిన బీము మీద పడుతుంది. కంప్యూటర్‌లో వేసి చూశాను. మామూలు రోజుల్లో నిలబడుతుంది. చిన్న అదురుకూ నిలబడుతుంది. గట్టి అదురుకు మొట్టమొదట పోయేది ఆ మూలే.

బావకు బొమ్మ గీసి మరీ చెప్పాను. మంచివాడే, కానీ సిద్ధాంతి ముందు నా చదువు కూరలో కరివేపాకైంది.

"హైదరాబాద్‌ల భూకంపం ఏడొస్తది? ఈశాన్యం చెడితే మాత్రం ఇల్లే ఆగమైతది" అన్నాడు.

పిల్లర్ తీసేసిన ప్లాన్ మీద సంతకం పెట్టనన్నాను. పెట్టేవాళ్లకు ఊళ్లో కరువా? ఇంకొకాయన పెట్టాడు. గృహప్రవేశం నాడు అక్క నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాకూ ఒళ్లు మండి, అన్నం తినకుండానే వచ్చేశాను.

మొన్న చలికాలంలో ఒక పొద్దున నేరేడ్‌మెట్‌లో మా వంటింటి గిన్నెలు గలగలమన్నాయి. ఫ్యాను ఊగింది. అంతలోనే ఆగిపోయింది, గోడకు గీత కూడా పడనంత చిన్నది. అయినా వెంటనే అక్కకు ఫోన్ చేశాను. అక్క ఫోన్ ఎత్తేదాకా నా ప్రాణం నాలో లేదు.

అందరూ బాగున్నారంది. ఈశాన్యం గురించి బావ అన్నదే నిజమైందట, ఇల్లు చెక్కుచెదరలేదట. అదిరినప్పుడు ఏం చేశారని అడిగాను.

"ఏం జేస్తం? పిల్లల్ని గుంజుకొని పూజగదిలకు ఉరికిన. దేవుడున్న మూలకంటే భద్రం ఏడుంటది? ఇగ ఎప్పుడొచ్చినా అక్కడికే ఉరకాలని వాళ్లకు సుత చెప్పిన."

ఇంట్లో ఇంకెక్కడికైనా పొండి, అక్కడికి మాత్రం వద్దని బతిమాలాను. చివరికి అరిచాను కూడా.

"మళ్లా షురూ జేసినవా నీ పిల్లర్ ముచ్చట" అని అక్క ఫోన్ పెట్టేసింది.