ఎంగిలి సింహాసనం

మా నాన్న వడ్రంగి మేస్త్రీ. నరసరావుపేటలో ఆయన చేసిన కుర్చీల్లో ప్లీడర్లు కూర్చున్నారు, డాక్టర్లు కూర్చున్నారు, పత్తి మిల్లు గుమాస్తాలు కూర్చున్నారు. మా ఇంట్లో మాత్రం కుర్చీ లేదు. వచ్చినవాళ్లకు చాప వేసేవాళ్లం. పెద్దమనుషులొస్తే చాప దులిపి వేసేవాళ్లం.

దీనికంతటికీ కారణం మా నాన్న పట్టింపు. మేస్త్రీ ఇంట్లోవాళ్లు కూర్చున్న కుర్చీ ఎంగిలి కుర్చీ అనీ, దాన్ని ఇంకొకరికి అమ్మకూడదనీ ఆయన నమ్మకం. అన్నం పెట్టే చెయ్యి ముందుగా తిని పెట్టదు కదా అనేవాడు. పిల్లి ఎక్కినా ఊరుకునేవాడు కాదు. అదీ మన ఇంటి మనిషేనట. చేసిన సరుకు కూర్చోవడానికి వీలుగా ఉందో లేదో కొన్నవాడికే ముందు తెలిసేది.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన కూర్చున్న కుర్చీ కూడా నాన్న చేసిందే. అమ్మ కిందే కూర్చుని వండేది, కిందే కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది. లేవాలంటే గోడ పట్టుకుని, "అమ్మా!" అని ఎప్పుడో పోయిన మా అమ్మమ్మను పిలిచేది. ఆ కేక విన్నప్పుడల్లా నాన్న చిత్రిక పట్టడం ఆపి, "ఈ ఆర్డరు దాటనీయవే, నీకు చేతుల కుర్చీ చేస్తా" అనేవాడు. ఆర్డరు దాటేది, ఇంకోటి వచ్చేది. నాకు ఒళ్లు మండేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా వైపు పెళ్లిళ్లకు రిసెప్షన్ అనే కొత్త ముచ్చట మొదలైంది. ఒకరోజు షామియానాల షాపు సాయిబు హడావిడిగా వచ్చాడు.

"మేస్త్రీ, గుంటూర్లో చూసొచ్చా. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ సింహాసనం ఎక్కిస్తన్నారు. మనకీ ఒకటి కావాల. ఇద్దరూ పట్టాల. దాన్ని ఇంగ్లీషులో థ్రోన్ అంటారంట, బోర్డు మీద అదే రాయిస్తా."

నాన్న నా వంక చూశాడు. "థ్రోన్ అంటే ఏందే? ఎట్టా ఉంటది?"

కాలేజీ లైబ్రరీలో బియ్యపు మూటంత డిక్షనరీ ఒకటుండేది. తెల్లారి దాన్ని రెండు చేతులా దించుకుని చూశాను. రాజు కూర్చునే కుర్చీ థ్రోన్. రాజు లేచి వెళ్లిపోయినా, ఆయన అధికారం కూడా థ్రోనే. దేవదూతల్లో ఒక తరగతి వాళ్లకూ అదే పేరు. చిట్టచివర, వేళాకోళానికి మరుగుదొడ్డిని కూడా అలా అంటారని ఉంది. ఈ చివరిది ఇంట్లో చెప్పలేదు. బోర్డు మీద రాయించబోయే మనిషి మనసెందుకు చెడగొట్టాలి?

పుట్టుక మాత్రం పూర్తిగా చెప్పాను. గ్రీకుల దగ్గర ఆ మాటకు ఎత్తుగా ఉండే కుర్చీ అని అర్థం. అక్కణ్ణించి లాటినుకు, ఫ్రెంచికి వెళ్లి ఇంగ్లీషుకు చేరింది. దారిలో దాని హెచ్ అక్షరం ఊడిపోతే, తర్వాత చదువుకున్నవాళ్లు వెతికి మళ్లీ తగిలించారు.

నాన్న శ్రద్ధగా విన్నాడు. "ఊడినా కుర్చీ నిలబడిందిగా! పని చెయ్యని కాలు మళ్లా తగిలించడం దేనికి?"

ఇంగ్లీషు భాష మీద ఆయన ఇచ్చిన తీర్పు అదొక్కటే. కానీ ఎత్తు అన్న మాట ఆయన బుర్రలో కూర్చుండిపోయింది. "గ్రీకులోళ్లు ఊరికే అనుండరు" అని కాళ్లు జానెడు పెంచాడు. అటూ ఇటూ సింహాలు చెక్కాడు. ఒకటి సింహంలాగే వచ్చింది, రెండోది మా పిల్లిలా వచ్చింది. బంగారు రంగు, ఎర్ర వెల్వెట్టు. నియమం ప్రకారం ఎవరం కూర్చోలేదు. అమ్మ రోజూ దాని చుట్టూ ఊడ్చి, వెనకనున్న గోడ పట్టుకుని లేచేది.

మొదటి పెళ్లి ఈపూరులో. నాన్నతో నేనూ వెళ్లాను. వధూవరులను నలుగురు కలిసి ఎక్కించారు. ఎక్కాక చూస్తే ఇద్దరి కాళ్లూ గాల్లో ఉన్నాయి. పెళ్లికొడుకు కొత్త బూట్లలో ఒకటి జారి మేళగాళ్ల మధ్య పడింది. ఫోటోగ్రాఫరు, "సార్, కాళ్లు ఊపొద్దు, ఫోటో చెడిపోద్ది" అని అరిచాడు. దాంతో పందిరంతా గొల్లున నవ్వింది. చివరికి ఎవరో సోడా సీసాల పెట్టె తెచ్చి కాళ్ల కింద పెట్టారు. ఆల్బమ్‌లో ప్రతి ఫోటోలోనూ ఆ పెట్టె ఉందని తర్వాత విన్నాం.

మర్నాడు సాయిబు సింహాసనాన్ని మా వాకిట్లో దించి, "కాళ్లు జానెడు కోసెయ్ మేస్త్రీ, అప్పుడే డబ్బులిచ్చి తీసుకుంటా. మాచవరంలో ఇంకో పెళ్లుంది, బండి వెంటేసుకునే వచ్చా" అన్నాడు. నాన్న తల వంచుకుని రంపం కోసం లోపలికి వెళ్లాడు. ఆయన్ని అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆయన రంపంతో తిరిగొచ్చేసరికి అమ్మ సింహాసనం మీద ఉంది. ఒళ్లో మిరపకాయల చేట. కాళ్లు గాల్లో.

"ఏమే, దిగు! సాయిబు నిలబడున్నాడు!"

అమ్మ ఆయన వంక చూడనైనా చూడలేదు. "సాయిబన్నా, మేస్త్రీ ఇంట్లోవాళ్లు కూర్చున్న కుర్చీ మీ మేస్త్రీ అమ్ముతాడేమో అడుగు."

సాయిబు పగలబడి నవ్వాడు. "లేదు వదినా, అమ్మడు. ఊరంతా తెలుసు. అయిపోయింది మేస్త్రీ, నీ సరుకు ఎంగిలైపోయింది!"

ఈ ఉపాయం అమ్మకు ఇన్నేళ్లూ తోచక కాదు. ఒకరి కోసం చేసిన దాంట్లో కూర్చోవడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. దీన్ని ఊరు నవ్వి వదిలేసింది కాబట్టి ఎక్కింది.

అమ్మ తొందరపడకుండా చేటలో కాయలన్నీ అవగొట్టి, చేట నాకందించి, మెల్లగా ముందుకు జరిగింది. జరగ్గానే కాళ్లు నేలకానాయి. ఆనడమే నిలబడడం అయింది. వంగలేదు, గోడ పట్టుకోలేదు, అమ్మమ్మను పిలవలేదు. చీర దులుపుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న ఆమె వెళ్లిన వైపు చూశాడు. తర్వాత కుర్చీ కాళ్ల వంక చూశాడు. కళ్లు తుడుచుకుని రంపం మేకుకు తగిలించాడు.

"సాయిబూ, మాచవరానికి వేరేది చేసిస్తా. దీని ఎత్తు సరిపోయింది."