దండ వేయని ఫొటో

నలభైకి దగ్గరపడ్డాక మళ్లీ బెంచీ మీద కూర్చోవడం ఎంత సిగ్గో అనుభవిస్తేగాని తెలియదు. కరీంనగర్‌లో ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్‌గా నా సగం జీవితం గడిచింది. ఎవరి ముఖం ఎక్కడ పెట్టాలో, ఏ మామను ఏ బావకంటే చిన్నగా పెడితే చుట్టరికాలు చెడిపోతాయో నాకు కొట్టిన పిండి. ఇప్పుడు ఎవరి పోస్టర్ వాళ్లే ఫోన్లో చేసుకుంటున్నారు. దుకాణం ఇవాళో రేపో అన్నట్టుంది. అందుకే సాయంత్రాలు సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేరాను. కంపెనీల కంప్యూటర్లలోకి దొంగలు దూరకుండా కాపలా కాసే పని అది.

"గీ వయసుల కొత్త సదువా? సరే తీ, పట్టినవు గదా, ఇడువకు" అంది నా భార్య.

ఒకరోజు క్లాసులో సార్ ఒక పని ఇచ్చారు. ఒకరి ఇంటి గురించి ఇంకొకరు వెతకాలి. తాళాలు పగలగొట్టడం లేదు, అందరికీ కనిపించేదే చూడాలి. దొంగ కూడా ముందు ఆ పనే చేస్తాడట. మా ఇల్లు నా పక్కన కూర్చునే అమ్మాయికి వచ్చింది. నాకు నవ్వొచ్చింది. మాది ఖానాపూర్‌లో వ్యవసాయం చేసుకునే ఇల్లు, మేం బాపు అని పిలిచే నాన్నకు ఇప్పటికీ బటన్ల ఫోనే.

"మాదాంట్ల ఏం దొరకది చెల్లె, ఉత్తగ పరేషాన్ గాకు" అన్నాను.

మర్నాడు ఆ అమ్మాయి తెర మీద ఒక్క ఫొటో పెట్టింది.  అది నా బిడ్డ శారీ ఫంక్షన్‌కు నేనే చేసిన ఫ్లెక్సీ. ఎవరో చుట్టం దాని ముందు నిలబడి ఫొటో దిగి, ఊరందరూ చూసేలా నెట్‌లో పెట్టుకున్నాడు.

"అన్నా, మీ తమ్ముని పేరు కింద మస్కట్ అని రాసి ఉన్నది. పాప పుట్టిన తారీఖు ఉన్నది. చుట్టాలు తొవ్వ అడగనీకి మీ బాపు ఫోన్ నంబర్ గూడ ఉన్నది" అని ఆమె మెల్లగా చదువుతూ పోయింది. నడిబజారులో మా ఇంటి తలుపులన్నీ నేనే తీసి పెట్టినట్టు అనిపించింది.  ఆ తర్వాత సార్ ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

ఆదివారం ఖానాపూర్ పోయాను. మా దగ్గర ఫంక్షన్ అయిపోయినా ఫ్లెక్సీని ఎవరూ దించరు, గాలికి చినిగితేనే పోతుంది. మాది బస్టాండు మూల మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. దించేద్దామంటే బాపు ఒప్పుకోలేదు.

"చిన్నోడు ఫంక్షన్‌కు రాకపాయె. గా ఫ్లెక్సీలనన్న అందరితోని నిలవడ్డడు. ఎవలకు అడ్డమున్నది, ఉండనియ్."

ఆయన చెప్పింది తమ్ముడి గురించే. కానీ చూపు మాత్రం ఫ్లెక్సీలో తన పక్కనున్న అవ్వ మీదే, అంటే మా అమ్మ మీదే ఉంది. ఫంక్షన్ నాటికే అవ్వ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్లను ఫ్లెక్సీలో పైన ఓ మూలకు పెట్టి దండ వేస్తాం. డిజైన్ చేసేటప్పుడు బాపు వద్దన్నాడు. "మనుమరాలి పండుగల ఆమెకు దండేంది? నా పక్కకు నిలవెట్టు" అన్నాడు. ఆమె నవ్వుతున్న ఫొటో వెతికి ఆయన పక్కన నిలబెట్టాను. ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

చివరికి నా పోరు పడలేక సరేనన్నాడు. నేను స్టూలెక్కి తాడు విప్పుతుంటే కింద పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. బాపుకు చెవులు సరిగా వినపడవు, ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు.

"సార్, మస్కట్ నుంచి మాట్లాడుతున్నాం. మీ చిన్నబ్బాయిని పోలీసులు పట్టుకున్నారు. మీ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది, అది చెప్తే వదిలేస్తారు."

నా కింద స్టూలు కదిలింది. అవతలివాడు తమ్ముడి పేరు చెప్పాడు, నా పేరు, నా భార్య పేరు, పాప పేరు చెప్పాడు. ఇన్ని నెలలు ఇదే చదివిన నేను కూడా నిజమే అనుకున్నాను.  అంతలో కళ్ల ముందున్న ఫ్లెక్సీ కనిపించింది. వాడు ఎడమ నుంచి కుడికి, నేను పేర్చిన వరుసలోనే పేర్లు చదువుతున్నాడు.

దూకి ఫోన్ లాక్కున్నాను. "ఎవలురా నువ్వు?"

వాడు తడబడలేదు. "కంగారుపడకండి సార్. మీ అమ్మగారితో ఇప్పుడే మాట్లాడాం. చాలా ఏడుస్తున్నారు. త్వరగా కోడ్ చెప్పమన్నారు."

 కట్ చేయబోతుంటే బాపు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఇంకేమన్నది బిడ్డా?" అని అడిగాడు.

 అటునుంచి ఫోన్ కట్టయింది. బాపు దాన్ని చెవి దగ్గర అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.