మోకాళ్లు ఎడంగా పెట్టుకున్నందుకు

బ్రేకు తొక్కినాననే నేను అనుకున్నాను. బండి అట్లా అనుకోలేదు. కాయ దులిపి కళ్లం పక్కన వేసిన శెనక్కట్టె వామిలోకి నేరుగా పోయి, సగం దాకా దూరి, ఆగింది. కళ్లంలో కాయ తూర్పారబడుతున్న రైతు చాట దించి, కాసేపు చూసి, "ఏమప్పా, ఎద్దులే మేస్తాయనుకుంటిమి. నీ మోటరు సైకిలు గూడా మేస్తాదా?" అన్నాడు.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వుతూనే కిందికి చూసుకున్నాను. ఆ బండికి బ్రేకు ఎడమపక్క. ఎడమకాలు దాని మీదే ఉంది. తొక్కమని నేను చెప్పిన మాట కాలి దాకా పోలేదు, అంతే.

నడుము నొప్పి అంతకు ముందు నుంచే ఉంది. జీతంతోపాటు వచ్చే బత్తెం కాబోలనుకుని దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరున్నారన్నది వేరే ప్రశ్న. అమ్మా నాయనా పోయినారు. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్లో అన్న సేద్యం చేస్తాడు. నా పెండ్లి సంగతి అడిగేవాళ్లు ఒకరొకరుగా పోయేసరికి నేనూ మరిచిపోయినాను. బి.ఏ. చదివి, ఆలూరులో ఒక శెట్టిగారి దగ్గర శెనక్కాయ కొనుగోలుకు కుదిరి, ఆయన నూనె గానుగ వెనక ఒక గదిలో ఉంటున్నాను. గానుగ చప్పుడు ఆగిన రోజు నిద్ర పట్టేది కాదు. తోడుకు అలవాటు పడటమంటే అదే కాబోలు.

నా పని పల్లెపల్లెకూ పోయి కాయ చూసి రావడం. యుద్ధం అయిపోయినాక మిలిటరీవాళ్లు అమ్మేసిన మోటారు సైకిలొకటి శెట్టిగారు నాకిచ్చినారు. దాంతోపాటు ఒక షరతు కూడా ఇచ్చినారు, పంచె కట్టుకునే పోవాలని.

"ప్యాంటు వేసుకోని పోతివా, నిన్ను సర్కారు మనిషి అనుకుంటారు రెడ్డీ. కాయంతా గాదెల్లో దాచి, పంట పోయిందని నీ ముందర ఏడుస్తారు" అన్నారు. లెవీ ధాన్యం వసూలు చేసిన రోజులు జనం ఇంకా మరిచిపోలేదు. ఆయన చెప్పింది నిజమే.

పంచెకూ మోటారు సైకిలుకూ పొత్తు కుదరదు. ఇంజను దగ్గరికి పోతే కాలుతుంది, చైను దగ్గరికి పోతే చిక్కుకుంటుంది. అందుకని నేనొక ఆసనం కనిపెట్టినాను. సీటు చివరికంటా జరిగి, మోకాళ్లు రెండూ కప్ప ఈదినట్టు ఎడంగా పెట్టి, చేతులు కర్రల మాదిరి చాచి హాండిలు పట్టుకునేవాణ్ణి. పంచె తెల్లగా ఉండేది. ఆ చుట్టుపక్కల అంత తెల్లటి పంచె గల మోటారు సైకిలు మనిషి ఇంకొకడు లేడని నాకు లోపల గర్వం కూడా. ఎర్రనేలలో గులకరాళ్లు, రేగడిలో ఎద్దులబండ్లు కోసిన గాడులు. మోకాళ్లు పనిలో లేవు, మోచేతులు పనిలో లేవు. కాబట్టి ప్రతి గుంతా మధ్యవర్తి లేకుండా నేరుగా నా వెన్నుపూసతోనే మాట్లాడింది. బండి కూడా నా మాట సగమే వినేది. గాడిలో ముందు చక్రం ఎటు పోతే నేనూ అటే.

వామిలో దూరిన మరునాడు పొద్దున చాప మీది నుంచి లేవలేకపోయినాను. పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా, చిటికెన వేలి దాకా ఎవరో కాల్చిన తీగె పరిచినట్టుంది. తలుపుకు లోపల గడియ వేసి ఉంది. ఆ గడియ అంత ఎత్తులో ఎందుకు పెట్టినారో అంతవరకు ఆలోచించలేదు. ఎండ కిటికీలో నుంచి ఎదురుగోడ మీదికి పోయినాక శెట్టిగారి మనిషి తలుపు తట్టినాడు. కాయ శాంపిళ్లు ఇంకా రాలేదేమని అడగడానికి వచ్చినాడు. పాక్కుంటూ పోయి, కట్టెతో గడియ నెట్టి, శాంపిళ్లూ నేనూ ఇక్కడే ఉన్నామని చెప్పినాను.

శెట్టిగారు వచ్చి చూసి, ఇది నడుము పట్టు అని తేల్చినారు. మా సీమలో నడుము పట్టుకు ఒక మందుంది. ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి వచ్చి కాలితో తన్నాలి. గానుగలో హమాలీ హనుమంతు అట్లా పుట్టినవాడే. చుట్టుపక్కల నడుములన్నీ అతని కాలి కింద బాగైనవేనట. పాపం, శానా మర్యాదస్తుడు. నన్ను బోర్లా పడుకోబెట్టి, "కాలు తగిలిస్తాండా, తప్పనుకోవద్దప్పా" అని చెప్పి, పూజ చేసినట్టు మెల్లగా తన్నినాడు. కొంచెం తేలికైనట్టు తోచింది. ఇంకొంచెం గట్టిగా తన్నమని నేనే అడిగినాను. బి.ఏ.లో తర్కశాస్త్రం చదివినవాణ్ణి. కొంచానికి కొంచెం గుణమైతే ఎక్కువకు ఎక్కువ గుణం కావాలి గదా.

ఆ తర్వాత చిటికెన వేలు నాది కాకుండా పోయింది. గిల్లితే తెలియలేదు, కదపబోతే కదలలేదు.

బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టి కర్నూలుకు చేర్చినారు. బయలుదేరేముందు శెట్టిగారు నా తరఫున మంత్రాలయం స్వామికి మొక్కుకున్నారు. కాలు బాగైతే నేను మఠం చుట్టూ పొర్లుదండాలు పెడతానని. నడుము రోగికి పొర్లుదండాలు మొక్కడంలో ఒక ధైర్యం ఉంది. అది ఆయన ధైర్యం.

కర్నూలు అప్పుడు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు గుడారాల్లో ఉండేవి, గుమాస్తాలు దుమ్ములో ఉండేవాళ్లు. ఆసుపత్రిలో నన్ను చూసిన డాక్టరు కోస్తా మనిషి, యుద్ధంలో మిలిటరీ డాక్టరుగా పని చేసినాడట. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఎడమకాలు మోకాలు వంచకుండా పైకి లేపినాడు. కొంచెం లేచేసరికే నేను మంచం ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. మడమ వెనక చిన్న రబ్బరు సుత్తితో కొట్టి, "రిఫ్లెక్స్ లేదు" అని పక్కనున్న నర్సుతో అన్నాడు. నన్ను నిలబెట్టి, ఎడమకాలి వేళ్ల మీద లేవమన్నాడు. మనసులో లేచినాను. మడమ మాత్రం నేలనే ఉంది.

ఎక్స్‌రే తీసినాక చెప్పినాడు. "స్లిప్డ్ డిస్క్ అండీ. పూసకూ పూసకూ మధ్య మెత్త లాంటిది ఒకటుంటుంది. అది జారి నరాన్ని నొక్కుతోంది. కాలిలోకి దిగే ఈ నొప్పిని సయాటికా అంటాం."

కాలు వస్తుందా అని అడిగినాను.

"నొప్పి పోతుంది. బలం సంగతి ఇప్పుడే మాటివ్వలేను. ముందుగా వేళ్లు కదలాలి. ఎన్నాళ్లకూ కదలకపోతే..." అన్నాడు. మిగతా మాట నాకే వదిలేసినాడు. అది వెలితిగా ఉంటుందని రాత్రీ పగలూ నేనే పూరించుకున్నాను. కుంటికాలితో పల్లెలు తిరగలేను, తిరగలేకపోతే గానుగ వెనక గది లేదు, అన్న ఇంట్లో వసారా ఉంది. అన్నం పెట్టేవాళ్లు పెడతారు. వాళ్లు పెట్టేదాకా చూస్తూ కూర్చోవాలి.

మంచం మీద చెక్కపలక వేసి, కాలికి ట్రాక్షన్ కట్టి, ఇసుక సంచి వేలాడదీసినారు. నన్ను ఎవరో లాగుతున్నారు, నేను పోవడం లేదు. చాలాకాలం అదే నా జీవితం.

పక్క మంచంలో జట్కాబండి తోలే సాయిబు, పేరు మస్తాన్. తొడ ఎముక విరిగి వచ్చినాడు. వాళ్లింటి నుంచి క్యారియరు వస్తే అందులో ఒక గిన్నె ముందు నా పలక మీదికి వచ్చేది. రోజూ పొద్దున కండ్లు తెరిచీ తెరవకముందే, "ఏమప్పా, వేలు కదిలిందా?" అని అడిగేవాడు. లేదనేవాణ్ణి. "కదుల్తాదిలే. మా గుర్రం గూడా అంతే, లేపంగానే లేస్తాదా?" అనేవాడు. మిగతా మంచాల పక్కన కూర్చునే మనుషులుండేవాళ్లు. నా పక్కన కూర్చోవడానికి స్థలం ఉండేది.

అన్న ఒకసారి వచ్చినాడు. మంచం అంచున కూర్చుని, ఇసుక సంచి వైపు చూసి, "బాగనే ఉండావు గదా" అన్నాడు. పంట కోతలో ఉండాదని చెప్పి, నెయ్యి సీసా పెట్టి పోయినాడు. తప్పేం లేదు. ఇద్దరం ఎప్పుడూ అంతకు మించి మాట్లాడుకున్నది లేదు.

నొప్పి తగ్గింది. లేచి కూర్చోవచ్చన్నారు. కూర్చున్న మరునాడు తుమ్మినాను. అంతే, తీగె మళ్లీ చిటికెన వేలి దాకా వెలిగింది. డాక్టరు వచ్చి, "తుమ్ము వస్తే మంచం కడ్డీ పట్టుకుని తుమ్మండి" అని మళ్లీ ఇసుక సంచి కట్టించినాడు. ఆ వారంలోనే మస్తాన్ సాయిబును ఇంటికి పంపించినారు. పోతూ గుమ్మం దగ్గర తిరిగి, మాట లేకుండా కాలి వేలు చూపించి, తల ఎగరేసి అడిగినాడు. లేదని నేనూ తల ఊపినాను.

ఆ తర్వాత పొద్దున్నే ఎవరూ అడగలేదు. నేనే లోపల అడుక్కునేవాణ్ణి. అట్లా అడుక్కున్న ఒక పొద్దున చిటికెన వేలు కదిలింది. నిజంగానే కదిలింది, మళ్లీ చేసి చూసుకున్నాను. పక్క మంచం వైపు తిరిగినాను. అందులో ఎవరో కొత్తాయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేపడం మర్యాద కాదని ఊరుకున్నాను.

నడుముకు ప్లాస్టర్ జాకెట్ వేసి ఇంటికి పంపేముందు డాక్టరు అడిగినాడు, బండి మీద ఎట్లా కూర్చుంటారని. మామూలుగానే అన్నాను. నమ్మలేదు. వార్డు బెంచీ తెప్పించి, కూర్చుని చూపించమన్నాడు. పంచె సర్దుకుని, చివరికి జరిగి, మోకాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచినాను.

డాక్టరు బెంచీ చుట్టూ ఒకసారి తిరిగినాడు. "మీరు బండి నడపడం లేదండీ. బండి మీద వేసిన మూటలా ఉన్నారు. వెనక కూర్చున్న వాళ్లెవరూ ఎప్పుడూ చెప్పలేదా?"

"వెనక ఎవరూ కూర్చోరండీ. శెనక్కాయ సంచి ఉంటుంది."

ఆయన నవ్వలేదు. నేను నవ్వించడానికే అన్నాను. తనే నన్ను ముందుకు జరిపినాడు. మోకాళ్లు దగ్గరికి తెచ్చి, పెట్రోలు టాంకి ఉండే చోట దిండు పెట్టి, తొడలతో దాన్ని పట్టమన్నాడు. మోచేతులు కొంచెం వంచినాడు. నడుము కాకుండా తుంటి దగ్గర ముందుకు వంగమన్నాడు. "గాడి వస్తోందంటే ముందే కాళ్ల మీద బరువు వేసి సీటు నుంచి కొంచెం లేవండి. గుంతను మోకాళ్లు మింగాలి, వెన్నుపూస కాదు. దూరం పోవాలంటే మధ్యలో దిగి నడవండి. ప్యాంటు తొడుక్కోండి. పొర్లుదండాలు వద్దు." చివరిది నేను అడిగితే చెప్పినాడు. స్వామి ఓపికగల దేవుడు, ఇప్పటికీ నన్నేమీ అడగలేదు.

ఊరు వదిలేముందు జట్కా స్టాండులో మస్తాన్ సాయిబు కోసం వెతికినాను. వేలు చూపించాలని. గుర్రాన్ని అమ్మేసి కడపలో కూతురింటికి పోయినాడన్నారు.

ఆలూరులో గోడ పట్టుకుని ఎడమకాలి వేళ్ల మీద లేవడం రోజూ చేసినాను. మొదట కాగితం దూరేంత, తర్వాత పలక దూరేంత. మడమ పూర్తిగా లేచేసరికి మళ్లీ శెనక్కాయ విత్తే కాలం వచ్చింది. శెట్టిగారు ప్యాంటుకు ఒప్పుకోలేదు. వాదించినాక ఒక రాజీ కుదిరింది. దారంతా ప్యాంటు, ఊరు కనపడగానే ఏ బండరాయి చాటునో ఆగి పంచె. పాత ఆసనం లేకపోయేసరికి బండి కూడా వేరే బండి అయింది. రేగడి గాడిలో తొడలతో పట్టి కొంచెం లేస్తే, ముందు చక్రం చెప్పిన చోటికి పోతుంది.

పల్లెల్లో ఎవరికీ తెలియదనే అనుకున్నాను. వామి యజమాని మొన్న కాయ చూపిస్తూ, "ఏమప్పా, ఈరోజు పంచె తొందరగా కట్టినట్టుండావే, కుచ్చిళ్లు వంకరుండాయి" అన్నాడు. ఊరంతటికీ తెలుసట. అయినా కాయ దాచలేదు. దాచేంత పంట లేదనుకోండి.

ఇప్పుడు బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది. చిటికెన వేలిలో కొంచెం మొద్దుతనం మిగిలింది, వాన వచ్చేముందు నాకు తెలుస్తుంది. మా సీమలో ఆ విద్యకు పని తక్కువ.

నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పి ఊరుకోకండి, మీరు ఎట్లా కూర్చుని పని చేస్తారో చేసి చూపించండి. మన వీపు మనకు కనపడదు. వెనక నుంచి చూసి చెప్పే మనిషి ఒకరుండాలి.

నాకూ ఒకాయన ఉన్నాడు. పొద్దున గానుగ ఎదురుగా ఉన్న హోటలు ముందు బండెక్కి, మోకాళ్లు దగ్గరికి తెచ్చి, "చూడప్పా, సరిగ్గా ఉండానా?" అని అడుగుతాను. హోటలాయన పెనం మీది దోసె నుంచి కండ్లెత్తకుండా, "సరిగ్గనే ఉండావు, పో" అంటాడు.

చూడలేదని నాకు తెలుసు. అయినా అడిగి, ఆ మాట విన్నాకనే బండి తీస్తాను.